పేరు పెట్టి అడుగుము

ప్రియ చదువరీ, గడచిన ఆదివారము ఆరాధనలో నీవు చేసిన ప్రార్థన నీకు జ్ఞాపకమున్నదా? ఏమి అడిగితివి? ఎవరి కొరకు అడిగితివి? జ్ఞాపకము లేదందువేమో. నొచ్చుకొనకుము. నిన్ను తప్పు పట్టుటకు ఈ మాట అడుగలేదు. అనేక సంవత్సరములు నేనును అట్టివాడనే. ప్రార్థన ముగించి, ఆమేన్ అని కన్నులు తెరచిన వెంటనే నేనేమి అడిగితినో నాకే తెలియకపోయెడిది. నిజముగా అడిగినదేమియు లేదు గనుక తెలియకపోయెడిది.

నేను నెల్లూరు సముద్రతీరపు వాడను. మా పల్లెకు తూర్పున సముద్రము, పడమట బకింగ్‌హాము కాలువ. నడుమ ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు, తాటిచెట్లు. మా నాయన బడిపంతులు. వారమంతయు పిల్లలకు చదువు చెప్పి, ఆదివారమున సంఘమునకు వాక్యము చెప్పువాడు. ఆయన ప్రక్కను కూర్చుండి నేను చిన్నతనమందే ప్రార్థన నేర్చుకొంటిని. పరమ తండ్రిని ఎట్లు సంబోధింపవలెనో, మొదట స్తోత్రము, పిమ్మట ఒప్పుకోలు, పిమ్మట విన్నపము, కడపట ప్రభువు నామము, ఈ వరుసంతయు నాకు కంఠస్థమాయెను. మా నాయన ఆ వరుసలో తన హృదయమును పోసెడివాడు. నేను వరుసను మాత్రము నేర్చుకొంటిని.

పెద్దవాడనైన పిమ్మట నేనును పంతులునైతిని. సండేస్కూలు నా చేతికి వచ్చెను. ఎవరి ఇంట పెండ్లియైనను, చావైనను, నూతన గృహ ప్రవేశమైనను ప్రార్థనకు నన్నే పిలిచెడివారు. "పంతులయ్య ప్రార్థన చేస్తే వినబుద్ధవుతుంది" అని చెప్పుకొనెడివారు. ఆ మాట నా చెవిని పడెను, చదువరీ. చెవిని పడి ఊరకుండలేదు, హృదయములోనికి దిగెను. అది మొదలు నేను ప్రార్థించుచున్నప్పుడు దేవుడు ఆలకించుచున్నాడా అని గాక, మనుష్యులు ఆలకించుచున్నారా అని చూచుకొనువాడనైతిని.

1984వ సంవత్సరము నవంబరు నెలలో గొప్ప తుఫాను వచ్చి శ్రీహరికోట ప్రాంతమున తీరము దాటినది. మా జిల్లాలో పెద్దవారికి ఆ దినములు ఇంకను జ్ఞాపకమే. అప్పటికి నాకు ముప్పది యేండ్లు. గాలి ముదరకముందే మా పల్లెనుండి రెండు తెప్పలు వేటకు పోయియుండెను. వాటిమీద నలుగురు మనుష్యులు. వారిలో ఒకడు మా సంఘములోని ఒక విధవరాలి కుమారుడు. ఆమెకు అతడొక్కడే బిడ్డ. సొంత తెప్ప లేదు, సొంత వల లేదు, కూలికి పోవువాడు. అతని పేరు ఇక్కడ వ్రాయను. ఆ పేరు దేవునికి తెలియును.

సాయంకాలమునకు ఆకాశము నల్లబడెను. గాలి సరుగుడు చెట్లను నేలకు వంచుచుండెను. గుడిసెలవారమందరము బడి భవనములోనికి చేరితిమి, ఏలయనగా ఊరిలో గట్టి గోడలు, పైకప్పు గల కట్టడము అదియొక్కటే. పిల్లలు ఏడ్చుచుండిరి. కిటికీ తలుపులకు బల్లలు అడ్డముపెట్టి మగవారు వీపులు ఆనించి నిలిచిరి. లాంతరు ఒక్కటే వెలుగుచుండెను. అప్పుడు సంఘపు పెద్ద నా వైపు తిరిగి, "పంతులయ్యా, ప్రార్థన చెయ్యి" అనెను.

నేను లేచి ప్రార్థన చేసితిని. భూమ్యాకాశములను కలుగజేసిన తండ్రి అని మొదలుపెట్టితిని. సముద్రమునకు గట్లు ఏర్పరచినవాడా అంటిని. గలిలయ సముద్రమును గద్దించిన ప్రభువును జ్ఞాపకము చేసితిని. మా దేశమును, మా పరిపాలకులను, సకల సంఘములను, రోగులను, దిక్కులేనివారిని దేవుని చేతికి అప్పగించితిని. ఆ గాలి హోరులోకూడ నా కంఠము చక్కగా వినబడవలెనని బిగ్గరగా పలికితిని. అందరును ఆమేన్ అనిరి. నేను కూర్చుంటిని. బాగుగా చేసితిననియే తలంచితిని. నా ప్రాణమే అపాయములో ఉన్న ఆ రాత్రియు అట్లు తలంచితినని వ్రాయుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది.

ఆ తల్లి గోడ ప్రక్కను కూర్చుండియుండెను. తడిసిన చీరకొంగు తలపైకి లాగుకొని, మెల్లగా నా దగ్గరకు జరిగి వచ్చినది. ఆమె కోపముతో మాట్లాడలేదు. అడుగరాని దానిని అడుగువారివలె అడిగినది.

"పంతులయ్యా, అందరి కోసరం అడిగినావు. మావాడి పేరు మాత్రం అందులో రాలేదే?"

నేనేమి చెప్పుదును? సముద్రము మీద ఉన్నవారినందరిని అప్పగించితిని గదా అని చెప్పబోతిని. కాని నిజముగా నేను సముద్రమును తలచితిని, సముద్రము మీద ఉన్నవానిని తలచలేదు. ఆ బిడ్డ నా బడిలో అయిదు తరగతులు చదివినవాడు. పలక పగులగొట్టుకొని ఏడ్చినప్పుడు నేనే వేరొక పలక ఇచ్చితిని. అతని ముఖము నేనెరుగుదును. అయినను ఆ రాత్రి నా పొడుగైన ప్రార్థనలో అతని పేరునకు చోటు లేకపోయెను.

నా మౌనము చూచి, ఆమె మరి నన్నడుగలేదు. అక్కడనే మోకాళ్లూని, నేలకు నుదురు ఆనించి తానే ప్రార్థించెను. నేను ప్రక్కనే యున్నందున వింటిని. ఆమె చదువురానిది. స్తోత్రపు వరుస ఎరుగదు. కొడుకు పేరు రెండుసార్లు పలికి, "నాయనా, వాడు సముద్రంలో ఉండాడు. వాడికి ఈత వచ్చు గాని చలికి ఓర్చుకోలేడు. వాడి దగ్గరికి పో" అనినది. అంతే. ఆమేన్ అనుటయు మరచినది. అట్లే నేలకు ఆనుకొని తెల్లవారువరకు ఉండినది.

ప్రియ చదువరీ, నేను ఆ రాత్రి రెండు ప్రార్థనలు వింటిని. ఒకటి నాది. ఒకటి ఆమెది. ఏది ప్రార్థనయో నేను చెప్పనక్కరలేదు.

మన పరిశుద్ధ గ్రంథములోని ప్రార్థనలను వరుసగా చూడుము. సమూయేలు మొదటి గ్రంథములో హన్నా దేవుని మందిరమున ప్రార్థించినప్పుడు ఆమె పెదవులు కదలెను గాని స్వరము వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమెను చూచి మత్తురాలనుకొనెను. ప్రతిదినము ప్రార్థనలు వినువాడే నిజమైన ప్రార్థనను చూచి గుర్తుపట్టలేకపోయెను! లూకా సువార్త పదునెనిమిదవ అధ్యాయములో ఇద్దరు దేవాలయమునకు వెళ్లిరి. పరిసయ్యుని ప్రార్థన పొడవైనది, లెక్క కుదిరినది. సుంకరి దూరముగా నిలిచి, రొమ్ము కొట్టుకొని, కొద్ది మాటలే పలికెను. నీతిమంతుడుగా ఇంటికి పోయినవాడు అతడే. యెరికో త్రోవ ప్రక్కను బర్తిమయి కేకలు వేసినప్పుడు ప్రభువు ఏమి చేసెను? ఆ మనుష్యుడు గ్రుడ్డివాడని అందరికిని కనబడుచున్నది. అయినను ప్రభువు అతని పిలిచి, నీకేమి కావలెనని అడిగెను. ఆయనకు తెలియక అడుగలేదు. వాని నోటనుండి వాని అక్కర వినగోరెను. నన్ను కరుణించుమను మాట మంచిదే. కాని నాకు చూపు కావలెనని పలికినప్పుడే ఆ గ్రుడ్డివాడు తన హృదయమును పూర్తిగా తెరచినవాడాయెను.

మన మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచువాడు. ఆయన పేరు పెట్టి పిలుచుచుండగా, మనము ఆయనయొద్దకు పేరు లేని ప్రార్థనలతో వెళ్లుట తగునా?

ఇట్లు పేరు పెట్టి, చోటు చూపి అడిగిన ప్రార్థన ఒకటి మన ప్రాంతపు చరిత్రలోనే యున్నది. తాతముత్తాతల నాటినుండి మన తెలుగు బాప్తిస్టు సంఘములలో అది చెప్పుకొందురు. అయినను మరల చెప్పెదను.

శామ్యేలు డే దొర 1840లో నెల్లూరు వచ్చి పని ఆరంభించెను. ఏండ్లు గడచినను ఫలము చాల కొద్దిగా నుండెను. నెల్లూరు పనిని మూసివేయుట మంచిదేమోయని అమెరికాలోని మిషను పెద్దలు ఒకటికంటె ఎక్కువసార్లు ఆలోచించిరి. 1853లో ఆ చర్చ జరిగినప్పుడు, పటముమీద ఒంటరిగా కనబడు ఈ నెల్లూరు కేంద్రమును ఒకరు ఒంటి నక్షత్రమనిరి. ఆ పేరు మీద శామ్యేలు స్మిత్ అను కవి పద్యము వ్రాసెను. నక్షత్రమును ఆర్పకూడదని తీర్మానమాయెను. సముద్రమునకు అవతల ఆ మాటలు జరిగిన సంవత్సరపు చివరలో, ఇక్కడ నెల్లూరునుండి జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అను దేశీయ బోధకుడు, జూలియ, రూతు అను ఇద్దరు విశ్వాసురాండ్రు ఉత్తరముగా సువార్త చెప్పుచు ప్రయాణము చేసిరి. వారు అయిదుగురే.

1854 జనవరి 1వ తేదీ ఉదయమున, సూర్యుడు ఉదయింపకమునుపే వారు ఒంగోలు ప్రక్కనున్న కొండనెక్కిరి. ఆ దినములలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. పాట పాడిరి. యెషయా గ్రంథములో, పర్వతములమీద సువార్త తెచ్చువాని పాదములు ఎంత సుందరములో చెప్పు భాగమును చదివిరి. ఒకరి తరువాత ఒకరు అయిదుగురును ప్రార్థించిరి. దొరయు ప్రార్థించెను, దొరసానియు ప్రార్థించెను, నర్సును ప్రార్థించెను, జూలియయు రూతును ప్రార్థించిరి. క్రింద ఒంగోలు పట్టణము, చుట్టును పల్లెలు కనబడుచుండెను. ఈ ఒంగోలుకు ఒక పనివానిని పంపుమని వారు అడిగిరి. జ్యూయెట్ దొర కొండమీదనుండి క్రిందనున్న ఒక స్థలమును జూలియకు చూపి, అది మిషను బంగళాకు దొరికిన బాగుండునా అని అడిగెనని చెప్పుదురు. లోకమంతటి కొరకు వారు ప్రార్థింపకపోలేదు. కాని ఆ ఉదయమున వారి కన్నులు ఒక ఊరిమీద నిలిచెను, వారి వ్రేలు ఒక నేలను చూపెను.

దేవుడు మరుసటి దినమే జవాబిచ్చెనా? లేదు. పండ్రెండేండ్లు గడచినవి. 1862లో మిషను మూసివేయు మాట మరల వచ్చెను. అప్పుడు అమెరికాలో నున్న జ్యూయెట్ దొర, తాను మాత్రము తిరిగి వెళ్లుదునని పట్టుపట్టెను. 1865లో జాన్ క్లౌ అను యువకుని వెంటబెట్టుకొని నెల్లూరు చేరెను. 1866లో క్లౌ దొర ఒంగోలునందు కాపురముండుటకు వచ్చెను. ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది ఎప్పుడో తెలియునా? 1867 జనవరి 1వ తేదీని. కొండమీద ప్రార్థించి సరిగా పదుమూడు సంవత్సరములు.

హృదయమునుండి వచ్చిన ప్రార్థన కాళ్లకును చేతులకును పని చెప్పును. 1876 మొదలు 1878 వరకు మన దేశములో గొప్ప కరువు వచ్చినప్పుడు క్లౌ దొర జనుల కొరకు ప్రార్థించుటతో ఊరకుండలేదు. ఆయన యౌవనమందు సర్వేపని నేర్చినవాడు. ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని తాను కాంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చినవారికి పనియు కూలియు ఇచ్చెను. తన బోధకులను మేస్త్రీలుగా నిలిపెను. పలుగు దించి కూర్చున్నప్పుడు ఆ బోధకులు, ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు పిలిచిన ప్రభువును గూర్చి చెప్పిరి. అనేకులు బాప్తిస్మము అడిగిరి. కూటి కొరకు వచ్చిరన్న మాట రాకుండునట్లు కరువు పని ముగియువరకు ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. పిమ్మట 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను చెప్పునప్పుడు మనము కొండమీది అయిదుగురిని మరువరాదు. అయిదుగురిని చెప్పునప్పుడు నడుమ గడచిన సంవత్సరములను మరువరాదు. ఒక్క నేలను చూపి అడిగినవారు, అది దొరకకున్నను అడుగుట మానలేదు.

ఇక మా పల్లె సంగతికి వచ్చెదను. తుఫాను తగ్గిన మూడవ దినమున, నలుగురిలో ఇద్దరు దక్షిణమున ఒడ్డునకు కొట్టుకొనివచ్చి, కాలినడకను ఇంటికి చేరిరి. ఇద్దరు రాలేదు. ఆ తల్లి కుమారుడు రాలేదు.

ఇక్కడ ఆగుము, చదువరీ. మన పత్రికలలో ప్రార్థనను గూర్చి చదువునప్పుడు, అడిగినది దొరికిన సాక్ష్యములే తరచుగా చదువుదుము. అవి సత్యములే. కాని దొరకనివారి ఇండ్లుకూడ మన సంఘములలో ఉన్నవి. వారి ప్రార్థనలో విశ్వాసము తక్కువాయెనని ఎవరును పలుకకుందురు గాక. గెత్సేమనే తోటలో మన ప్రభువుకంటె హృదయపూర్వకముగా ప్రార్థించినవారెవరు? ఆయన చెమట రక్త బిందువులవలె నేలను పడెను. ఆ గిన్నె తననుండి తొలగవలెనని ఆయన అడిగెను. అది తొలగలేదు. ఆయన బలపరచబడి లేచి, దానిని త్రాగుటకు వెళ్లెను.

రెండు ఆదివారములు ఆ తల్లి గుడికి రాలేదు. నేను వెళ్లి పలుకరించుటకు ధైర్యము లేకపోయెను. మూడవ ఆదివారమున వచ్చి వెనుక కూర్చుండెను. సాక్ష్యముల వేళ ఎవరును పిలువకయే ప్రార్థించెను. "నాయనా, నువ్వు వాడి దగ్గరికి పోయినావనే నమ్ముతుండా. ఇప్పుడు నా దగ్గరికి కూడా రా. ఇల్లు ఖాళీగా ఉంది" అనెను. సంఘమంతయు ఏడ్చెను. అంతటితో నిలువక, తిరిగి రాని రెండవ మనుష్యుని పేరు చెప్పి, అతని భార్య పేరు చెప్పి, ఆమె బిడ్డలను ఒక్కొక్కరిని పేరుతో దేవునికి అప్పగించెను. ఆ కుటుంబము మన సంఘమువారు కారు. ఆమె అది చూచుకొనలేదు.

ఆ రాత్రి నేను ఇంట ఒంటరిగా మోకాళ్లూని, నా పాత వరుసను ప్రక్కన పెట్టి, పేర్లు చెప్పి ప్రార్థింప నారంభించితిని. భార్య పేరు, బిడ్డల పేర్లు, బడిపిల్లల పేర్లు. పేరు చెప్పుచుండగా ముఖము కనబడెను. ముఖము కనబడగా వారి అక్కర కనబడెను. ఒక పిల్లవాడు ఆకలితో బడికి వచ్చుచున్నాడని, నేను అన్ని నెలలు చూచియు చూడలేదని, ఆ రాత్రి ప్రార్థనలో తెలిసికొంటిని. అట్లు సాగుచుండగా ఒక పేరు దగ్గర నా నోరు ఆగిపోయెను.

అది నా సొంత తమ్ముని పేరు.

మా నాయన చనిపోయినప్పుడు నలుబది సెంట్ల సరుగుడు తోట విడిచిపోయెను. తమ్ముడు అప్పుడు పనికి దూరదేశమందుండెను. చదివినవాడను గనుక కాగితములు నేనే వ్రాయించితిని. తోటంతయు నా పేర వ్రాయించుకొంటిని. నాయన వైద్యమునకు ఖర్చు పెట్టినది నేనే గదా అని మనస్సాక్షికి జోలపాట పాడితిని. తమ్ముడు తిరిగి వచ్చి అడుగగా మాట పెరిగెను. వ్యాజ్యమాయెను. నాలుగేండ్లు ఒకరి గడప ఒకరము త్రొక్కలేదు. ఆ నాలుగేండ్లును నేను సంఘములో ప్రార్థన చేయుచునే యుంటిని! సహోదరులు ఐక్యత కలిగి నివసించుటను గూర్చికూడ ప్రార్థించితిని. అందరి కొరకు ప్రార్థించువాడు ఒక్కని కొరకు ప్రార్థింపక తప్పించుకొనుట సులభము. పేరు చెప్పవలసివచ్చినప్పుడు తప్పించుకొనుటకు వీలులేదు.

బలిపీఠము నొద్ద అర్పణమును విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు కొండమీద చెప్పిన ప్రసంగము నాకు కంఠస్థమే. ఆ రాత్రి అది నా మెడను పట్టుకొనెను. నేను ఆ ప్రార్థన ముగింపలేకపోతిని. మరునాటి సాయంకాలము దస్తావేజును గుడ్డలో చుట్టుకొని బయలుదేరితిని. తమ్ముని ఇల్లు కాలువకు అవతల. పడవలో దాటుచుండగా, ఉత్తరమున కరువునాడు ఆకలిగొన్నవారు త్రవ్వినది ఈ కాలువనే గదా అని తలంచితిని. ప్రార్థించినవారు వారికి పని చూపిరి. నేను మోకాళ్లనుండి లేచి ఒక కాలువ దాటుటకు నాలుగేండ్లు పట్టినది.

తమ్ముడు తుఫానుకు ఎగిరిపోయిన ఇంటికి తాటాకు కప్పుచుండెను. పైనుండి నన్ను చూచి, "ఏందన్నా, మళ్లీ కోర్టు కాగితమా?" అనెను.

"కాదు. దస్తావేజు తెచ్చినా. నీ సగం నీ పేర రాయిస్తా. తప్పు నాది" అంటిని.

అతడేమియు అనలేదు. క్రిందికి దిగలేదు. కొంతసేపు అట్లే చూచి, "ఆ ఆకు అందియ్యి" అనెను. నేను తాటాకు అందించితిని. చీకటిపడువరకు ఆకు అందించుచు నిలిచితిని. పిమ్మట మరదలు, "బావా, కాళ్లు కడుక్కో" అని చెంబుతో నీళ్లు తెచ్చిపెట్టెను. ఆ రాత్రి వారి ఇంట అన్నము తింటిని. తోటలో సగము అతని పేర వ్రాయించితిని, వ్యాజ్యము కొట్టివేయబడెను. అయినను తమ్ముడు ఆరాధనలో నా ప్రక్కను వచ్చి కూర్చుండుటకు రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లు నేను ప్రతిదినము అతని పేరు చెప్పి ప్రార్థించితిని. గాయము చేసినది నేను. అది ఇంత దినములో మానవలెనని చెప్పుటకు నేనెవడను?

ప్రియ చదువరీ, నీకు కొన్ని మాటలు చెప్పి ముగించెదను. నేను బోధకుడను కాను, ప్రార్థనను ఆలస్యముగా నేర్చుకొన్న ముసలి పంతులును. ఇప్పుడు నాకు డెబ్బది యేండ్లు దాటినవి.

నీకు మాటలు రాకపోయిన భయపడకుము. మనకు ఎట్లు ప్రార్థింపవలెనో తెలియనప్పుడు ఆత్మ మూలుగులతో మన పక్షమున విజ్ఞాపన చేయునని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. పొలములో నాట్లు వేయుచున్నను, వల సరిచేయుచున్నను, పొయ్యి ఊదుచున్నను నీవు ఒక పేరు పలుకవచ్చును. దానికి పంతులు అక్కరలేదు.

మాటలు బాగుగా వచ్చినవాడవైన, అప్పుడు భయపడుము. ప్రార్థన ముగిసిన పిమ్మట నిన్ను నీవే అడుగుకొనుము: నేను ఎవరి పేరు చెప్పితిని? ఎవరి పేరు చెప్పక దాటిపోతిని? దాటిపోయిన పేరునొద్దనే దేవుడు నీ కొరకు కనిపెట్టుచున్నాడేమో. మరునాడు ఆ పేరుతోనే మొదలుపెట్టుము. ఆ పేరుగలవానికి అన్నము కావలెనా, అప్పు తీర్పవలెనా, క్షమాపణ అడుగవలెనా, నీ మోకాళ్లయొద్దనే నీకు తెలియును. అప్పుడు లేచి పొమ్ము.

అడిగినది దొరకకపోయినప్పుడు మౌనముగా దూరము పోకుము. ఆ తల్లివలె ఆయనతోనే చెప్పుము. ఇల్లు ఖాళీగా ఉన్నదని చెప్పుము. హృదయములో నున్నదానిని దాచి మంచి మాటలు పలుకుటకంటె, ఏడ్చుచు నిజము పలుకుట ఆయనకు ఇష్టము.

ఆ తల్లి తరువాత చాలకాలము బ్రదికినది. వేటకు తెప్పలు పోవు తెల్లవారుజామున ఒడ్డునకు వచ్చి నిలుచుండెడిది. తెప్పలు నీళ్లలోనికి త్రోయబడుచుండగా ఒక్కొక్కని పేరు పెదవులు కదల్చి చెప్పెడిది. మన సంఘమువారని, ఇతరులని ఆమె యెంచలేదు. మొదట నవ్వినవారుకూడ, కడకు తెప్ప ఎక్కకముందు ఆమె వైపు తిరిగి, "అవ్వా, నా పేరు మర్చిపోవాకు" అని చెప్పి పోవుచుండిరి. ఆమె పోయిన పిమ్మట ఆ పని మా సంఘములోని స్త్రీలు చేయుచున్నారు. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చినప్పుడు నేనును చేయుచున్నాను.

ఆ పేర్లన్నిటికంటె ముందుగా నేను పలుకు పేరు ఒకటి కలదు. అతడు నా బడిలో చదివినవాడు, చలికి ఓర్చుకొనలేనివాడు. 1984లో ఆ రాత్రి నేను చెప్పక విడిచిన పేరది.

నీవు విడిచిన పేరు ఏది, చదువరీ? ఈ పత్రిక మూసి, దీపము ఆర్పకముందు, ఆ పేరు ఒక్కసారి పలుకుము. ఆమేన్.